మేము గార్డు కొన్న కథ

పిల్లవాడు నడక నేర్చే రోజులలో తల్లిదండ్రులు వాడి చుట్టూ దిండ్లు వేస్తారు. వాడు పెరిగి మోటారు సైకిలు ఎక్కే నాటికి దిండ్లు వేయడానికి చోటు కనబడదు. అప్పుడు ఇనుము కోసం వెతుకుతారు. మేమూ అదే చేసినాము. ఒకసారి తప్పుగా చేసినాము; రెండవసారి కొంత తెలుసుకొని చేసినాము. ఆ రెండింటినీ గూర్చి మన పత్రిక చదివే కుటుంబాలకు చెప్పవలెనని చాలా రోజులుగా అనుకొంటున్నాము. మోటారు సైకిలు లేని ఇల్లు మనలో ఇప్పుడు అరుదు. దాని మీద దూరదేశం పోయి రావలెనని కలలు కనే కుర్రవాడు లేని ఇల్లు ఇంకా అరుదు.

మేమంటే శ్రీవిల్లిపుత్తూరులో, ఆండాళ్ గుడి గోపురం కనబడే ఒక వీధిలో కాపురముంటున్న ఆలుమగలమిద్దరము. మా పెద్దలు కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి పొలాలలో సేద్యం చేసినవారు. తెలుగుదేశం నుండి ఎద్దుబండ్లు కట్టుకొని ఇక్కడికి వచ్చినామని మా అవ్వ చెప్పేది. ఎన్ని తరాల కిందట అంటే ఆమెకూ లెక్క తెలియదు.

మన ప్రాంతానికి బుల్లెట్టు బండి కొత్తది కాదు. 1955లో మద్రాస్ మోటార్స్ వారు ఇంగ్లండులోని రెడిచ్ ఊరి ఎన్‌ఫీల్డు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపించినారు. మొదట విడిభాగాలు తెప్పించి బిగించేవారు. తరువాత మద్రాసు పక్కన తిరువొత్తియూరులోనే బండ్లు తయారైనవి. ఆ బండికి ముందు వైపు, రెండు కాళ్లకు అడ్డంగా చెవులవలె వంచిన ఇనుప గొట్టం ఒకటి ఉండేది. దానిని లెగ్ గార్డు అన్నారు. ఇప్పుడు కొందరు క్రాష్ గార్డు అంటారు, కొందరు ఇంజను గార్డు అంటారు. ఈ మూడు పేర్లలో చివరిదే నిజమైన పేరని తెలుసుకోవడానికి మాకు చాలా కాలం పట్టినది.

ముందు మా తప్పు చెప్పుకొంటాము. 2018లో మా తమ్ముడు ఒక పాత బుల్లెట్టు కొన్నాడు. కోవిల్‌పట్టి నుండి కళుగుమలై మీదుగా శంకరన్‌కోవిల్ పోయే దారిలో అతనికి పొలం ఉన్నది, రోజూ రాకపోకలు. బండికి ఉన్న సన్నపాటి గార్డు మాకు నచ్చలేదు. “ఇది గాలికి వంగేటట్టున్నది, దీనివల్ల ఏమి రక్షణ?” అని మేమే పట్టుబట్టినాము. కోవిల్‌పట్టిలో ఒక వెల్డింగు పట్టరైలో దగ్గర కూర్చుండి, బావి మోటారుకు వాడే మందపాటి నీళ్ల పైపుతో కొత్తది చేయించినాము. అది హ్యాండిలు కంటె వెడల్పుగా, ట్రాక్టరుకు కట్టవలసిన దానివలె ఉండినది. మేస్త్రీ మన భాషవాడే, పెద్దవాడు. “ఇంత దిట్టం అక్కరలేదయ్యా” అన్నాడు. ఎక్కువ ఇనుముకు ఎక్కువ కూలి వచ్చేది అతనికే, అయినా చెప్పినాడు. మేము వినలేదు.

మరుసటి సంవత్సరం కోతల కాలం. రోడ్డు మీద సజ్జ కంకులు పరచి ఉన్నారు. పోయే వచ్చే బండ్ల చక్రాల కింద గింజ రాలుతుందని మన పల్లెలలో చేసే పనే అది. తమ్ముడు వేగంగా కూడ పోవడం లేదు. ముందు చక్రం కంకుల మీద జారి బండి పక్కకు ఒరిగినది. మామూలుగా అయితే కొంత దూరం జారి ఆగవలసినది. కాని బయటికి పొడుచుకొని వచ్చిన గార్డు అంచు కిలోమీటరు రాయికి తగులుకొన్నది. బండి గిర్రున తిరిగినది. గార్డుకు గీత పడింది తప్ప మరేమీ కాలేదు. ఫ్రేము ముందు గొట్టం వంగినది. ఇంజనును పట్టుకొని ఉండే బోల్టు చెవి విరిగినది. తమ్ముడి కాలు గార్డుకూ బండికీ నడుమ చిక్కి మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగినది.

మదురైలో మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. ఇప్పటికీ ఆ మోకాలు పూర్తిగా మడవలేడు. పండుగకు మా ఇంటికి వస్తే, అందరూ నేల మీద ఆకు ముందు కూర్చుంటారు. అతనికి మాత్రం కుర్చీ వేస్తాము. కుర్చీ వేసిన ప్రతిసారీ మాకు ఆ నీళ్ల పైపు గుర్తుకు వస్తుంది. అతడు మమ్మల్ని ఇంతవరకు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇట్లా ఉండగా 2023 చివరలో మా చిన్నవాడు ఒక కోరిక బయటపెట్టినాడు. వాడికి విరుదునగరులో ఉద్యోగం. తన జీతంతో 350 సీసీ క్లాసిక్ బుల్లెట్టు కొనుక్కొన్నాడు. “నాయనా, మన ఊరి కథను రాయలవారు తెలుగులో వ్రాసినారు కదా. వ్రాయమని కలలో ఆజ్ఞ అయిన ఊరు చూసి వస్తాను” అన్నాడు. వాడు చెప్పేది ఆముక్తమాల్యద సంగతి. కళింగ దండయాత్రకు పోతూ కృష్ణదేవరాయలు కృష్ణా తీరాన ఉన్న శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉండగా ఆంధ్ర మహావిష్ణువు కలలో కనబడి, మన విల్లిపుత్తూరు గోదాదేవి కథను తెలుగులో వ్రాయమన్నాడని ఆ గ్రంథంలోనే ఉన్నది. ఈ శ్రీకాకుళం ఉత్తరాన ఉన్న జిల్లా పట్టణం కాదు. కృష్ణా జిల్లాలో ఘంటసాల దగ్గర ఉన్న పల్లె. మన ఊరి నుండి సుమారు వెయ్యి కిలోమీటర్లు.

గోదాదేవి పేరు చెప్పి అడిగితే ఈ ఊళ్లో కాదనడం కష్టం. రైలు ఉన్నది కదా అన్నాము. రైలు వద్దన్నాడు. “అయితే గట్టి గార్డు వేయించి పో” అని నోటి చివరివరకు వచ్చినది. ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూచుకొని ఊరుకొన్నాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వద్దంటే వాడు చెప్పకుండా పోతాడు. సరే అంటే, ఈసారి ఏ ఇనుము కట్టి పంపవలె?

మరునాడు బస్సెక్కి కోవిల్‌పట్టి పోయి ఆ మేస్త్రీనే అడిగినాము. జరిగినది ఆయనకు తెలుసు. మమ్మల్ని ఎత్తిపొడవలేదు. పట్టరై గోడకున్న కరెంటు పెట్టె చూపించి అడిగినాడు: “ఇందులో ఫ్యూజు తీగ సన్నగా ఎందుకు వేస్తారయ్యా?”

“ఎక్కువ కరెంటు వస్తే అది తెగిపోవడానికి.”

“తెగిపోతున్నదని తాడంత లావు తీగ వేస్తే?”

“ఫ్యూజు పోదు. ఇల్లు పోతుంది.”

“గార్డూ అంతే. పడినప్పుడు ఆ దెబ్బ ఎక్కడికో ఒక చోటికి పోవలె. గార్డు వంగితే దెబ్బ గార్డులో ఆగుతుంది. గార్డు వంగకపోతే అది బిగించిన బోల్టుకు పోతుంది, బోల్టు నుండి ఫ్రేముకు పోతుంది. వంగిన గార్డును తీసి పారేయవచ్చు. ఫ్రేమును పారేయగలరా?”

అయిదేండ్ల కిందట ఆయన చెప్పబోయినది ఇదే. మేము వినలేదు గనుక ఆయన చెప్పలేదు. ఈసారి మాకు చేసి పెట్టమంటే ఒప్పుకోలేదు. “కొత్త బండ్లకు బోల్టుల కొలత వేరు. వెంట్రుకవాసి తప్పినా బోల్టు మీద ఎప్పుడూ లాగుడు ఉంటుంది. ఆ బండికని అచ్చు వేసి చేసినదే కొనండి” అని పంపించినాడు.

తరువాత కొంత చదివినాము కూడ. ఈ సంగతి మీద చాలా ముందే ఒక పరిశోధన జరిగినది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందంవారు లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటికే పోయి పరిశీలించి, 1981లో నివేదిక వెలువరించినారు. గార్డు ఉన్న బండ్లలో పాదానికీ చీలమండకూ దెబ్బలు తగ్గినవట. కాని మోకాలికీ, తొడకూ, కాలి కింది భాగానికీ దెబ్బలు ఆ మేరకు పెరిగినవట. కనుక మనిషిని గాయాల నుండి కాపాడే సాధనంగా గార్డు పనికిరాదని తేల్చినారు. ఆ మాట చదివినప్పుడు మా తమ్ముడి మోకాలే మా కళ్ల ముందు నిలిచినది.

అయితే గార్డు ఎందుకు? బండి కోసం. మా వాడి బండి బరువు 195 కిలోలు. నిలబడిన చోటనే పక్కకు ఒరిగినా ఆ బరువంతా ఇంజను పక్క మూతల మీద పడుతుంది. అవి అల్యూమినియం పోత. ఇనుమువలె వంగవు, పగులుతవి. పగిలితే ఆయిలు కారిపోతుంది. గేరు కాడ, బ్రేకు కాడ లోపలికి వంగుతవి. ఊళ్లో అయితే మెకానిక్కు వస్తాడు. ఇంటికి 500 కిలోమీటర్ల దూరంలో, పొద్దుగూకే వేళ, చిన్న పాటుకే ప్రయాణం ఆగిపోతుంది. ఆ చిన్న పాటులో బండిని నడిచే స్థితిలో మిగిల్చి మనవాణ్ణి ఇల్లు చేర్చడమే గార్డు పని. పెద్ద ప్రమాదంలో దానిని నమ్ముకోవద్దు.

ఇది అర్థమైన తరువాత ఎంచుకోవడం సులువైనది. వాణ్ణి వెంటబెట్టుకొని విరుదునగరులో రెండు దుకాణాలు, మదురైలో మూడు తిరిగినాము. స్థూలంగా మూడు రకాలు చూచినాము. మొదటిది పాత తరహాది, ఒకే గొట్టం చెవివలె వంచినది. చూడడానికి బాగుంటుంది, బండికి రెండే చోట్ల పట్టుకొంటుంది. రెండవది ఇంజను చుట్టూ పెట్టె ఆకారంలో వచ్చి మూడు నాలుగు చోట్ల బిగించేది. మూడవది గొట్టం కాదు. ఫ్రేముకు రెండు పక్కల బిగించే నైలాను బొడిపెలు మాత్రమే. అవి తేలికగా ఉంటవి, నేల మీద జారుతవి. కాని అంత వెడల్పు ఇంజనుకు అవి చాలవనిపించినది.

దుకాణంలో అందరూ బరువు చేతితో ఎత్తి చూచి “మంచి దిట్టంగా ఉన్నది” అంటారు. మేము అది మానివేసినాము. వేరే ప్రశ్నలు అడిగినాము. ఇది ఎన్ని చోట్ల బిగుసుకొంటుంది? ఇంజను బోల్టు ఒక్కదానినే నమ్ముకొన్నదా, ఫ్రేమును కూడ పట్టుకొన్నదా? హ్యాండిలు కొన కంటె బయటికి పొడుచుకొని వస్తున్నదా? ఆయిలు మార్చవలసి వస్తే దీనిని ఊడదీయకుండ బోల్టు అందుతుందా? గాలితో చల్లబడే ఇంజను రెక్కలకు ఇది అడ్డమా? గుంటలో ముందు చక్రం పైకి లేచినప్పుడు మడ్‌గార్డు దీనికి తగులుతుందా? వెల్డింగు అతుకు గొట్టం చుట్టూ సమానంగా వచ్చినదా, చుక్కలు చుక్కలుగా ఉన్నదా? గొట్టం కొనలు మూసి ఉన్నవా? తెరచి ఉంటే వాననీరు లోపల నిలిచి, పైన రంగు మెరుస్తుండగానే లోపల తుప్పు తింటుంది.

స్టెయిన్‌లెస్ స్టీలుది తుప్పు పట్టదు, మెరుస్తుంది. మామూలు ఇనుముది రంగు పోతే తుప్పు పడుతుంది. కాని మెత్తగా వంగుతుంది, చిన్న వంపయితే సరిచేయవచ్చు. మేము మామూలు ఇనుముదే తీసుకొన్నాము. ఆ బండి కోసమే చేసినది, మూడు చోట్ల పట్టుకొనేది, నేలకు తగిలే మూలలలో నైలాను బొడిపెలు ఉన్నది. చేతికి తేలికగా ఉన్నది. ఒకప్పుడైతే ఆ తేలికతనం చూచే వద్దనేవాళ్లము.

బిగించిన తరువాత ఇంటి పెరట్లో ఒక పరీక్ష చేసినాము. ఎవరైనా చేయవచ్చు. నేల మీద వరిగడ్డి పరచి, దాని మీద పాత టైరు వేసి, నలుగురము పట్టుకొని బండిని నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగించినాము. ముందు ఏది నేలకు తగులుతుందో చూడడమే పరీక్ష. గార్డు, హ్యాండిలు కొన, కాలు పెట్టుకొనే కడ్డీ ఈ మూడూ తగిలి, ఇంజనూ పెట్రోలు ట్యాంకీ నేలకు ఎడంగా నిలిస్తే గార్డు సరియైనది. మాది నిలిచినది. రెండవ పక్క కూడ చూచినాము.

చట్టం మాట కూడ చెప్పవలె. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖవారు వాహనాలకు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమనీ, చర్య తీసుకొమ్మనీ రాష్ట్రాలకు వ్రాసినారు. కార్లకూ జీపులకూ ముందు కట్టే బరువైన ఇనుప కడ్డీలు నడిచిపోయేవారికి అపాయమన్నది అందులో ముఖ్యమైన సంగతి. మోటారు సైకిళ్ల మాట ఏమిటని చాలామందికి అనుమానం కలిగినది. అందుచేత బండికి వెలుపలికి పొడుచుకొని రానిది, ఆ బండి కోసమే అమ్మేది తీసుకోవడం, ముందుగా మీ ఊరి ఆర్.టి.ఓ. కార్యాలయంలో ఒక మాట అడగడం మంచిది. చట్టమే బిగించమన్న గార్డు మరొకటి ఉన్నది: 1989 కేంద్ర నిబంధనలలో 123వది ప్రకారం వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కకుండ వెనుక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండ కప్పే అడ్డు ఉండవలె. మనం సారీ గార్డు అనేది అదే. బండి అందం చెడుతుందని దానిని ఊడదీసే కుర్రవాళ్లున్నారు. ఇంజనుకు గార్డు వేయించి అమ్మ కూర్చొనే చోటి గార్డు తీసేయడం ఏమి న్యాయం?

ఇక మనిషి సంగతి. మనిషికి రక్షణ మనిషి ఒంటి మీదనే ఉండవలె. హెల్మెట్టు సరే సరి. చీలమండ దాటే బూట్లు, మోకాలికి గట్టి తొడుగులు, మోచేతి తొడుగులు, చేతికి గ్లౌజులు ఇవన్నీ కొన్నాము. గార్డుకు అయిన ఖర్చు కంటె వీటికి అయినది చాలా ఎక్కువ. మోకాలి తొడుగులు ఉక్కగా ఉన్నవని మా వాడు సణిగినాడు. “చిన్నాయన దగ్గరికి పోయి ఆ మాట చెప్పి రా” అన్నాము. మళ్లీ సణగలేదు.

2024 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన తరువాత, తెల్లవారుజామున గోపురానికి దండం పెట్టి బయలుదేరినాడు. రాత్రిపూట నడపరాదని, గార్డు మీద కాళ్లు చాపి నడపరాదని, దానికి సంచులు తగిలించరాదని, మొదటి రోజు చివర గార్డు బోల్టులన్నీ మళ్లీ బిగించి చూడవలెనని మాట తీసుకొన్నాము. ఒంటి సిలిండరు ఇంజను అదురుకు కొత్త బోల్టులు వదులవుతవి.

మూడవ నాడు మధ్యాహ్నం ఫోను వచ్చినది. కావలి దాటినాడట. గొంతు వినగానే ఏదో జరిగినదని తెలిసినది. “నాయనా, అమ్మా, భయపడవద్దు. గార్డు పడింది, నేను పడలేదు” అన్నాడు. రోడ్డు పక్క టీ అంగడి దగ్గర బండికి పక్క స్టాండు వేసి దిగినాడు. ముందు రోజు వాన పడిన మెత్తటి మట్టి. స్టాండు దిగబడి, వాడు టీ గ్లాసు అందుకొనేలోపల బండి దబ్బున ఎడమ పక్కకు పడినది. ఇద్దరు లారీ డ్రైవర్లు చేయి వేసి లేపినారు. నైలాను బొడిపె గీసుకుపోయినది. గార్డు రవ్వంత వంగినది. గేరు కాడ వంగలేదు. ఇంజను మూతకు దెబ్బ లేదు. వాడు వెంటనే స్టార్టు చేయకుండ కాసేపు ఆగి, కింద ఆయిలు చుక్క పడుతున్నదేమో, గాజులో మట్టం సరిగా ఉన్నదో లేదో చూచుకొని బయలుదేరినాడు. మరునాడు ఉదయం శ్రీకాకుళం గుడి మెట్ల మీద నుండి ఫోను చేసినాడు. వెనుక నుండి గంట వినబడినది. మేమిద్దరమూ ఫోను పట్టుకొని అట్లాగే నిలబడినాము.

తిరిగి వచ్చిన తరువాత గార్డు ఊడదీసి చూచినాము. ఒక బోల్టు కొంచెం వంగి ఉన్నది. దానిని పారవేసి కొత్తది వేసినాము. ఒకసారి దెబ్బ తిన్న బోల్టును మళ్లీ వాడరాదు. గొట్టం వంపు చిన్నదే గనుక అట్లాగే ఉంచినాము.

ఆ ఆదివారం తమ్ముడు వచ్చినాడు. పెరట్లో కుర్చీ వేస్తే కూర్చోలేదు. మడవరాని కాలు పక్కకు చాపి, ఒక చేతితో సీటు పట్టుకొని, బండి పక్కన నేల మీదనే కూర్చున్నాడు. వంగిన చోట చేతితో తడిమి చూచినాడు. “వంగిందే!” అన్నాడు. “ఔను, వంగినది” అన్నాము. అతడు తల ఎత్తి మా ఇద్దరినీ చూచి నవ్వినాడు. “మంచిది తెచ్చినారన్నా, వదినా” అన్నాడు. తరువాత అందరమూ కాఫీ తాగినాము.

మీ ఇంట్లో కుర్రవాడు దూర ప్రయాణం పోతానంటే, గార్డు కొనడానికి మీరూ వెంట పోండి. దుకాణంవాడు చేతికిచ్చినది ఎత్తి చూచి, చాలా గట్టిదని సంతోషపడవద్దు. పడితే ముందు ఇది వంగుతుందా అని అడగండి. అది కొనడానికి ముందే మోకాలి తొడుగులు కొనండి.